నలభై పడవల ఆసుపత్రి

రామన్నగరువు ప్రభుత్వాసుపత్రి గేటు మీద "ముప్పై పడకల ఆసుపత్రి" అని నీలం అక్షరాలతో రాసి ఉంటుంది. రాసిన పెయింటరుని తప్పు పట్టడానికి లేదు, అతనికిచ్చిన కాగితంలో అలాగే ఉంది. లోపలికెళ్ళి లెక్కపెడితే మాత్రం ఇరవై రెండే. అందులోనూ రెండింటికి కాళ్ళ కింద ఇటుక ముక్కలు పెడితే గానీ నిలబడవు. మిగతా ఎనిమిదీ ఎక్కడికి పోయాయని ఎవరైనా అడిగితే హెడ్ నర్సు కనకరత్నానికి ఒళ్ళు మండిపోతుంది. "వస్తే కదండీ పోడానికి? అసలు రాలేదండి!" అని ఆవిడ నాలుగేళ్ళుగా ఊళ్ళోనూ, జిల్లా ఆఫీసులోనూ మొత్తుకుంటూనే ఉంది. విన్నవాళ్ళంతా తలూపారు. తలూపడానికి మంజూరు ఉత్తర్వులు అక్కర్లేదు కదా!

అలాంటి కనకరత్నం ఆ శుక్రవారం పొద్దున్న కూనిరాగం తీస్తూ డ్యూటీకి వచ్చింది. పదకొండు గంటలకు జిల్లా నుంచి డాక్టర్ శ్రీలలితగారు మాక్ డ్రిల్‌కి, అంటే ఉత్తుత్తి పరీక్షకి వస్తున్నారు. ఏ మాయదారి జ్వరమో చుట్టుపక్కల ఊళ్ళ మీద పడి, జనం ఒక్కసారిగా ఆసుపత్రి మీదికి వచ్చిపడితే ఏం చేస్తారు? గంటలో మరో నలభైమందికి పడకలు వేయగలరా? వేసి చూపిస్తే ఇరవై కొత్త మంచాలు, పరుపులతో సహా ఇస్తారు. జిల్లా గోడౌన్‌లో ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా ఉన్న ఆ మంచాలను కనకరత్నం స్వయంగా చూసి, ఒకదాన్ని చేత్తో తడిమి మరీ వచ్చింది.

ఆ మంచాలు ఎంత అవసరమో తెలియాలంటే ఆడవాళ్ళ వార్డులోకి ఒక్కసారి తొంగిచూస్తే చాలు. సోమరాజులంక నుంచి వచ్చిన పైడమ్మ డెంగీ జ్వరంతో నాలుగు రోజులుగా అక్కడే ఉంది. ఆమె మంచం మీదే ఇంకో జ్వరపు మనిషి ఉంది. ఈవిడ తల అటు, ఆవిడ తల ఇటు.

"రాత్రంతా ఆవిడ కాళ్ళు నా మొహం మీదేనండి, నర్సమ్మగారూ," అంది పైడమ్మ నీరసంగా. "పాపం, ఆవిడకీ నా కాళ్ళు మొహం మీదే ఉంటాయనుకోండి. పట్టీలు తీసేసేనండి, గుచ్చుకుంటాయని."

"ఇయ్యాల్టితో సరి, పైడమ్మా. సాయంత్రానికల్లా ఎవరి మంచం వాళ్ళకే," అంది కనకరత్నం, జ్వరం చూస్తూ.

ఉత్తినే అన్న మాట కాదది. ఆవిడ వేసిన పథకం నిక్షేపంలాంటిది. చుట్టూ ఎనిమిది పంచాయతీలున్నాయి. ఒక్కో ఊరి నుంచి అయిదేసి మడత మంచాలు పంపమంటే నలభై అయిపోతాయి. పరీక్ష కాగానే ఎవరివి వాళ్ళకు పంపించేయొచ్చు. బుధవారం నాడే ఉత్తరం చిత్తు తన చేత్తో రాసి, ఆసుపత్రి పెద్ద డాక్టరు బాలగంగాధరంగారి ముందు పెట్టింది.

బాలగంగాధరంగారిది తరతరాలుగా శాస్త్రం చదువుకున్న ఇల్లు. ఆయన డాక్టరయ్యారు గానీ, చేతిలోకి కాగితం వస్తే రోగాన్ని కాదు, వ్యాకరణాన్ని చూస్తారు. చిత్తు చదివి మొహం చిట్లించారు.

"మంచాలేమిటి కనకరత్నంగారూ, పెళ్ళివారికి విడిది ఏర్పాటా? ఆఫీసు ఉత్తరంలో పడకలు అనాలి. ఈ 'సర్జ్' అన్న మాటొకటి! మనకి తెలుగు లేదూ? వెల్లువ అనండి. రోగుల వెల్లువ."

"మంచాలంటే అందరికీ అర్థమవుద్దండి," అంది కనకరత్నం.

"అర్థం కావడం వేరు, ఒప్పు వేరు," అన్నారాయన. ఆ ముక్కతో పని కానిచ్చేశారు.

ఉత్తరం టైపు చేయాల్సింది గుమస్తా సత్యప్రసాద్. ఈయనకు వేళ్ళతో కొట్టడం నామోషీ. ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెబితే అదే రాసుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ నోట్లో ఎప్పుడూ ఒక కిళ్ళీ ఉంటుంది. ఆసుపత్రి గోడల మీద "కిళ్ళీ ఉమ్మరాదు" అని కనకరత్నం అంటించిన కాగితాలు ఏడుంటే, ఏడూ ఆయన కోసమే. రెండుసార్లు ఆయన సొరుగులోంచి కిళ్ళీ పొట్లాలు తీసి చెత్తబుట్టలో పారేసింది కూడా. అయినా ఆయన దవడ ఆగలేదు. ఆ దవడతోనే బుధవారం ఉత్తరం చెప్పాడు, ఫోను రాసుకుంది. బాలగంగాధరంగారు ప్రింటు తీసిన కాగితం మీద ఎర్రకలం పెట్టి, ఒక దీర్ఘం సరిచేసి, "ఆసుపత్రి అన్నాక రోగులు కాక ఇంకెవరుంటారయ్యా? ఇది పునరుక్తి దోషం, చెప్పిందే చెప్పడం" అంటూ 'రోగుల' అన్న మాట కొట్టేసి, కింద సంతకం పెట్టారు. గురువారం సాయంత్రం ఆ ఉత్తరం ఎనిమిది ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. కనకరత్నం ఆ పూట సెలైన్లు ఎక్కిస్తూ తీరిక లేకుండా ఉండి, ఉత్తరాన్ని చూడనే లేదు. చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిది గంటలకు గేటు దగ్గర ట్రాక్టరు చప్పుడయింది. మొదటి మంచాలొచ్చాయని కనకరత్నం సంబరంగా ఎదురెళ్ళింది. ట్రాక్టరు తొట్టిలో బోర్లించిన పడవ, దాని మీద రెండు తెడ్లు, ఆ పక్కన సోమరాజులంక రేవులో పడవ నడిపే తాతారావు ఉన్నారు.

"ఎక్కడ దింపమంటారండి?" అన్నాడు తాతారావు.

"ఏంటది?"

"పడవండి."

"పడవని నాకూ తెలుసు! ఆసుపత్రికి పడవెందుకు తెచ్చేవయ్యా?"

"మీరే కదండీ రమ్మన్నారు? ఇంకా నాలుగు వెనకాల వస్తున్నాయండి. మా ఊరి వాటా అయిదు కదండీ, ఆయ్."

అతను ఫోను తీసి చూపించాడు. కనకరత్నం కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"విషయం: వెల్లువ సమయమున అదనపు పడవల ఏర్పాటు. అకస్మాత్తుగా వెల్లువ వచ్చినచో ప్రస్తుతమున్నవి చాలవు గావున, ఒక్కొక్క గ్రామము నుండి ఐదేసి చొప్పున నలభై పడవలు శుక్రవారము ఉదయము తొమ్మిది గంటలలోగా ఆసుపత్రి ఆవరణలోనికి చేర్చవలసినదిగా కోరడమైనది."

'క' ఉండాల్సిన చోట 'వ' కూర్చుంది. ఒక్క అక్షరం! గోదావరికి ఎర్రనీళ్ళు, అంటే కొత్త వరదనీళ్ళు, తగిలి వారమైంది. లంకల్లో జనం పొద్దున్నా సాయంత్రం రేవు మెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. అలాంటి రోజుల్లో ఆసుపత్రి వాళ్ళు వెల్లువ వస్తుందనీ, నలభై పడవలు కావాలనీ రాస్తే ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

"సత్యప్రసాద్‌గారూ!" అని ఆవిడ వేసిన కేకకు వార్డులో నిద్రపోతున్న పేషెంట్లు లేచి కూర్చున్నారు.

సత్యప్రసాద్ ఉత్తరం చూసి, దవడ ఆపి, "నేను పడవలనే చెప్పేనండి," అన్నాడు.

"పడకలు!"

"అదేనండి, పడవలు."

"ముందా కిళ్ళీ ఉమ్మేసి చెప్పండి!"

ఆయన కిటికీలోంచి ఉమ్మేసి వచ్చి, "పడకలు," అన్నాడు స్పష్టంగా. తర్వాత తనే తెల్లబోయాడు. "నాదేముందండీ? పెద్ద డాక్టరుగారు దిద్దేరు కదండీ?"

పెద్ద డాక్టరుగారు ఉత్తరం మళ్ళీ రెండుసార్లు చదివారు. "ఇందులో దోషమేమీ లేదే! పడవల ఏర్పాటు, షష్ఠీ విభక్తి, బాగానే ఉంది," అన్నారు.

"విభక్తి బాగానే ఉందండి. మంచాలే లేవు!" అంది కనకరత్నం. "మంచాలని రాసుంటే ఈ గొడవే లేదు కదండీ! నాలుగేళ్ళ నించి కాళ్ళరిగేలా తిరిగేనండి. ఒక్క అక్షరంతో మొత్తం గోదాట్లో కలిపేసేరు!"

ఆవిడను ఊరడించడానికి ఆయన, "కంగారు పడకండి, సవరణ పంపిద్దాం," అన్నారు. ఈసారి సత్యప్రసాద్‌నీ, ఫోనునీ నమ్మకుండా తన చేత్తోనే రాశారు. కనకరత్నం చేతిలో పెట్టి ఉంటే బాగుండేది. కానీ ఆవిడ అప్పటికే మరో మూడు ట్రాక్టర్లను గేటు దగ్గర ఆపడానికి పరిగెత్తింది. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఎనిమిది గ్రూపుల్లోనూ పెట్టేశారు. అందులో ఉన్నది రెండే వాక్యాలు:

"పడవల వలన ఇక ప్రయోజనము లేదు. ప్రజలెవ్వరూ భయాందోళనలకు లోనుకావలదు."

అప్పటిదాకా ఎవరూ భయాందోళనలకు లోను కాలేదు. ఏదో ముందుజాగ్రత్త అనుకున్నారంతే. ఇది చదివాక లోనయ్యారు. పడవల వల్ల కూడా లాభం లేదంటే నీళ్ళు ఏ ఎత్తున వస్తున్నట్టు? చుట్టుపక్కల ఊళ్ళల్లో గరువు మీద, అంటే ఇసుక మెరక మీద, ఉన్న పెద్ద మేడ ఆసుపత్రి ఒక్కటే. తొమ్మిదిన్నరకు రోడ్డు నిండా జనమే. దుప్పట్లో చుట్టిన టీవీలు, గ్యాస్ బండలు, కోళ్ళ గంపలు, మేకలు అన్నీ వచ్చేశాయి. ఒకాయన ఆవకాయ జాడీని చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు, చంటిపిల్ల మాత్రం వెనకాల ఏడుస్తూ నడిచి వస్తోంది. వద్దన్న పడవలు కూడా ఆగలేదు. బయలుదేరినవి బయలుదేరినట్టే వచ్చి, ఆవరణలో ఒకదాని పక్కన ఒకటి దిగిపోయాయి.

"వరద లేదు, గిరద లేదు! ఇళ్ళకెళ్ళండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!" అని కనకరత్నం గేటెక్కి అరిచింది.

"మరి భయపడొద్దని ఎందుకు రాసేరండి?" అంది ఓ పెద్దావిడ. గవర్నమెంటు వాళ్ళు భయపడొద్దన్నారంటే భయపడే సంగతి ఏదో ఉన్నట్టేనని కనకరత్నమూ చిన్నప్పటి నుంచీ నమ్ముతూనే ఉంది.

ఇక అరిచి లాభం లేదని గేటు దిగబోతూ ఆవిడ జనాన్ని ఒకసారి తేరిపార చూసింది. చూసి గతుక్కుమంది. మేకలు పట్టుకున్న మనిషి వణుకుతున్నాడు. జాడీ ఆయన వెనకాల ఏడుస్తున్న పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఒకరా, ఇద్దరా? వెతికేకొద్దీ జ్వరాలే.

"ఇన్నాళ్ళూ ఇళ్ళల్లో ఎందుకు దాక్కున్నారయ్యా, జ్వరం పెట్టుకుని?" అని నిలదీసింది.

"వస్తే మంచాలుండవు కదండీ," అన్నాడు మేకలాయన, తన తప్పేమీ లేనట్టు. నిజంగానే అతని తప్పేమీ లేదు.

కనకరత్నానికి ఆ మాట చురుక్కుమని తగిలింది. కొంగు నడుముకు బిగించింది. ఆ పైన ఆవిడ ఎవరి మాటా వినలేదు.

"జ్వరాలున్నోళ్ళు కొబ్బరిచెట్ల కిందకి! లేనోళ్ళు గేటు పక్కకి! మేకలున్నోళ్ళు మేకల్ని రోడ్డవతల కట్టేసి రండి! జాడీ అక్కడ పెట్టవయ్యా, పిల్లనెత్తుకో! తాతారావూ, ఆ పడవలన్నీ నీడకి లాగించు."

"పడవలతో ప్రయోజనం లేదన్నారు కదండీ?" అన్నాడు తాతారావు.

"నోర్ముయ్! పడవల కింద కొబ్బరి డొక్కలు పెట్టండి, ఊగకుండా. తెచ్చుకున్న బొంతలు లోపల పరవండి. ఎలాగూ తెచ్చేరుగా!"

తాతారావు పడవకు ఆ చివరా ఈ చివరా గెడలు పాతి దోమతెర కట్టాడు. తెడ్డు నిలబెట్టి దానికి సెలైన్ సీసా తగిలించింది కనకరత్నం. సత్యప్రసాద్‌కి రిజిస్టరిచ్చి పేర్లు రాయమంది, నోటితో కాదు, చేత్తో. బాలగంగాధరంగారు కూడా కలం జేబులో పెట్టేసి, స్టెతస్కోపు తీసి, ఒక్కొక్క పడవ దగ్గరా వంగి జ్వరాలు చూశారు. ఆయన మంచి డాక్టరని అప్పుడే చాలామందికి తెలిసింది. వార్డులో ఒకే మంచం మీద ఇద్దరేసి ఉన్నవాళ్ళలో ఒకరిని బయటికి పంపుదామంటే ముందుగా లేచింది పైడమ్మే. "నేను పుట్టిందే పడవలోనండి," అంటూ వెళ్ళి, బొంత మీద ఒరిగి, కాళ్ళు బార్లా చాపుకుని, రెండు నిమిషాల్లో గుర్రు పెట్టేసింది.

సరిగ్గా పదకొండుకు శ్రీలలితగారి కారు వచ్చింది. ఆవిడ దిగి, ఆవరణంతా కలయజూశారు. కనకరత్నానికి ఇరవై మంచాలూ కళ్ళముందే తేలిపోతున్నట్టు అనిపించింది.

"ఎన్ని?" అన్నారు శ్రీలలితగారు.

"ముప్పై ఎనిమిది వచ్చేయండి, మేడమ్."

"ఎంతసేపట్లో?"

"గంటలోనండి. కానీ మేడమ్, నేనొకటి చెప్పాలండి. ఇందులో ఒక్క అక్షరం తప్పండి..."

శ్రీలలితగారు సత్యప్రసాద్ చేతిలోని రిజిస్టరు అందుకుని తిరగేస్తూ నవ్వారు. "నేనూ అదే చూస్తున్నాను సిస్టర్. పేరు, ఊరు, జ్వరం ఎంత, ఎప్పటి నుంచి... ఒక్క అక్షరం తప్పు లేదు!"

"అది కాదండి, అసలు పడవలు కాదండి మేము అడిగింది..."

"మీరు మరీ మొహమాటపడుతున్నారు. ఎక్కడికెళ్ళినా ఇద్దరు మనుషుల్ని పడుకోబెట్టి పేషెంట్లంటున్నారు. మీరు నిజం జనాన్ని తెప్పించారు. మేకలతో సహా!"

బాలగంగాధరంగారు దగ్గారు. సత్యప్రసాద్ మాత్రం ముందుకు వచ్చి, "ఉత్తరం నేనే తయారు చేసేనండి," అన్నాడు వినయంగా. కనకరత్నం పళ్ళు నూరింది గానీ, మంచాల మీద ఆశతో నోరు మూసుకుంది. గెలిచినట్టేనని ఆవిడకు అర్థమైంది. ఎలాగైతేనేం, మంచాలు వస్తే చాలు!

వెళ్ళబోతూ శ్రీలలితగారు పైడమ్మ పడవ దగ్గర ఆగి, "ఎలా ఉందమ్మా ఇక్కడ?" అని అడిగారు.

పైడమ్మ దోమతెర ఎత్తి తల బయట పెట్టింది. "శుభ్రంగా ఉందండి, ఆయ్. నాలుగు రోజులకి కాళ్ళు చాపుకున్నానండి. మంచం కంటే ఇదే నయవండి!"

శ్రీలలితగారు ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నారు. కనకరత్నం దాన్ని అప్పుడు అంతగా పట్టించుకోలేదు.

సాయంత్రానికి వరద రాదని జనానికి నమ్మకం కుదిరింది. టీవీలూ, కోళ్ళూ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మర్నాడు రేవులో పని ఉందని తాతారావు వాళ్ళు పడవలు కూడా పట్టుకుపోయారు. జ్వరాలు మాత్రం ఆసుపత్రిలోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఒక్కో మంచానికి ముగ్గురు. "పది రోజులు ఓపిక పట్టండి, కొత్త మంచాలొస్తున్నాయి," అని కనకరత్నం అందరికీ చెప్పింది. అవి ఎక్కడ వేయాలో నేల మీద సుద్దతో గీతలు కూడా గీయించింది.

పదకొండో రోజున జిల్లా నుంచి కవరొచ్చింది. అందులో ఒక ప్రశంసాపత్రం, ఒక ఉత్తర్వు ఉన్నాయి.

"మీ ఆసుపత్రి స్థానిక వనరులతో గంట వ్యవధిలో ముప్పై ఎనిమిది పడకలను సమకూర్చుకొని జిల్లాలో ప్రథమ స్థానము పొందినందుకు అభినందనలు. కావున మీకు అదనపు మంచముల అవసరము లేదని భావించి, సదరు ఇరవై మంచములను డ్రిల్‌లో విఫలమైన వేరొక ఆసుపత్రికి కేటాయించడమైనది. రోగుల అభిప్రాయము: 'మంచము కంటే ఇదే నయము.' (శ్రీమతి పైడమ్మ, సోమరాజులంక)."

కనకరత్నం చదివింది. మళ్ళీ చదివింది. "ఓడిపోయినోళ్ళకి మంచాలు, గెలిచినోళ్ళకి కాగితమూనా!" అంది. తర్వాత ఆవిడ అన్న మాటలు హెడ్ నర్సులు అనదగ్గవి కావు, రాయడం కుదరదు. నాలుగేళ్ళు తిరిగిన కాళ్ళు, గేటెక్కి అరిచిన గొంతు, తెడ్డుకు కట్టిన సెలైన్ సీసాలు అన్నీ గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్క వార్డులోంచి ఎవరో, "కాస్త కాళ్ళు తియ్యండి, తల్లీ," అంటున్నారు.

బాలగంగాధరంగారు ఉత్తర్వును వెలుగులో పెట్టి చూసి, "భాష మాత్రం నిర్దుష్టంగా ఉంది," అన్నారు.

ఆ మాట వినేసరికి కనకరత్నం ఏడుపు టక్కున ఆగింది. ఆవిడ ఆయనను ఒకసారి చూసింది, సత్యప్రసాద్ ఖాళీ దవడను ఒకసారి చూసింది. బయటికి నడిచి, బస్టాండు దగ్గరి కిళ్ళీకొట్టు ముందు నిలబడింది. ఆవిడను అక్కడ చూసి కొట్టువాడు భయపడి పొట్లాలన్నీ దాచబోయాడు.

పావుగంటలో తిరిగొచ్చి, పెద్ద కిళ్ళీ ఒకటి విప్పి, తన చేత్తో సత్యప్రసాద్ ముందు పెట్టింది. ఆయన అనుమానంగా చూశాడు.

"తినండి, పర్లేదు. ఫోను తీసి జిల్లా ఆఫీసుకి ఉత్తరం చెప్పండి," అంది కనకరత్నం. "మాకు ఇరవై పడవలు కావాలని చెప్పండి. బాగా నములుతూ చెప్పండి."